పసుపు నీళ్ళ పరీక్ష

ఆటలో మనిషి చచ్చిపోతే మీనాకుమారికి దిగులు లేదు. చచ్చినవాడు మళ్ళీ ఆడటానికి రాకపోతేనే దిగులు.

ఆట పేరు సాల్‌బన్. కథ చాలా చిన్నది. వానాకాలంలో ఒక ప్యాసింజరు బండి సాల చెట్ల అడవిలో సిగ్నల్ కోసం ఆగుతుంది. కాళ్ళు సాగదీసుకుందామని ఒక మహానుభావుడు కిందికి దిగుతాడు. బండి అతన్ని వదిలేసి చక్కా పోతుంది. ఇక అక్కణ్ణుంచి అతగాడు బతికి బట్టకట్టాలి. నిప్పు రాజెయ్యాలి, తాడు పేనాలి, వాననీళ్ళు పట్టుకోవాలి, తిండి వెతుక్కోవాలి. మొదట్లో ఏ పనీ చేతకాదు. చేస్తూ చేస్తూ ఉంటే ఒక్కో విద్యా చేతికొస్తుంది. అది చేతికొచ్చే తీరేమిటో, ఎన్ని తప్పులకు ఎంత విద్య అబ్బాలో తేల్చడం మీనాకుమారి ఉద్యోగం. ఇంట్లో వాళ్ళమ్మ అప్పలకొండకు మాత్రం కూతురు చేసే పనేమిటో ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎవరైనా అడిగితే "కంపూటర్లో కట్టెలు ముట్టిస్తాది" అని చెప్పి ఊరుకుంటుంది.

స్టూడియో అని పేరేగానీ అది ఈ బెంగాలీ రైల్వే ఊళ్ళో, ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ కొట్టు మీది అద్దెగది. దాని యజమాని ఆదర్శ్, ఖరిదాలో బట్టల కొట్టున్న పాండురంగయ్యగారి అబ్బాయి. వచ్చి గల్లాపెట్టె దగ్గర కూర్చోరా అంటే వినకుండా ఈ ఆటల కంపెనీ పెట్టుకున్నాడు. మంచివాడే, కాకపోతే కాలు నిలవని మనిషి.

మీనాకుమారి తన పనికి ఒక నియమం పెట్టుకుంది. తప్పు చేస్తే అది కంటికి కనబడాలి, నొప్పి పుట్టాలి, కానీ ప్రాణం తియ్యకూడదు. తడి పుల్లలు ముట్టించబోతే పొగ కమ్మి కళ్ళు మండుతాయి. ముడి జారితే కిందపడి మోకాలు చెక్కుకుపోతుంది. ఆడేవాడు తిట్టుకుంటూ మళ్ళీ మొదలుపెడతాడు. రెండోసారి పొడి పుల్లలు వెతుక్కుంటాడు. నేర్చుకోవడమంటే అంతకన్నా ఏముంది?

పుట్టగొడుగుల దగ్గరకొచ్చేసరికి ఈ నియమం కాస్తా బోర్లాపడింది. చెడ్డది తింటే మనిషి పోతాడు. పోయినవాడు నేర్చుకునేదేముంది? ఆడి చూడమని ఇచ్చిన పిల్లలంతా అక్కడే చచ్చి, విసుక్కుని, ఆట మూసేసి వెళ్ళిపోతున్నారు.

"ఇలా అయితే లాభం లేదు మీనా," అన్నాడు ఆదర్శ్. "వాళ్ళు చావకుండా సాధన చేసే దారి ఒకటి చూడు. సోమవారం జనంలోకి వదులుతున్నాం."

దారి ఇంట్లోనే దొరికింది. ఆ వారంలోనే అప్పలకొండ బజారు నుంచి పుట్టగొడుగులు తెచ్చి, కడిగి, పసుపు కలిపిన నీళ్ళలో వేసి మూతపెట్టింది. ఎందుకమ్మా అని మీనాకుమారి అడిగింది. వానాకాలం వచ్చినప్పుడల్లా చూస్తున్నదే అయినా ఎప్పుడూ అడగలేదు.

"ఇసపువైతే నీల్లు నల్లబడిపోతాయి," అంది అప్పలకొండ. "మంచివైతే పసుప్పచ్చగానే ఉంటాయి. మాయమ్మ సెప్పింది నాకు. మీ నాన్నకీ ఇలగే సూసి ఎట్టినాను, మీకూ ఇలగే ఎట్టినాను."

మీనాకుమారికి లంకెబిందెలు దొరికినంత సంబరమయింది. సాధన చెయ్యడానికి వీలైన పరీక్ష! కోసి నీళ్ళలో వెయ్యాలి, ఆగాలి, రంగు చూడాలి. కొత్తవాడి కంటికి రంగు తేడా ఆనదు, పదేపదే చేస్తే చూపు పదునెక్కుతుంది. పొరపాటున తిన్నా కడుపునొప్పితో సరిపెట్టింది. నీళ్ళు ఎలాంటి నలుపుకు తిరగాలో మాత్రం తెలియక మళ్ళీ తల్లిని అడిగింది. మసిలాగానా, తుప్పునీళ్ళలాగానా? అప్పలకొండ గరిటె ఆపి ఆలోచించింది.

"నలుపంటే నలుపే. నలుపుకి రకాలేటే?" అంది.

సరేనని మీనాకుమారి తనకు తోచిన నలుపు తనే వేసుకుంది. చూసేవాళ్ళకు గుండె ఝల్లుమనాలని అంచుల్లో కొంచెం ఊదారంగు కూడా కలిపింది. ఆదర్శ్ చూసి బల్ల చరిచాడు. మన ఇళ్ళల్లో కిటుకు, ఇంకెవరి ఆటలోనూ లేదు అన్నాడు.

అందరికన్నా ముందు ఆ విద్యలో ఆరితేరినవాడు బుజ్జిబాబు, మీనాకుమారి తమ్ముడు. తండ్రి తవిటయ్య పోయాక ఆయన రైల్వే ఉద్యోగం ఇతనికి ఇచ్చారు, గూడ్సు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ షాపులో చేస్తున్నాడు. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేశాడంటే, ఆడి చూడమని అక్క ముందే ఇచ్చిన ఆటలో కూర్చుంటాడు. ఏరడం, కొయ్యడం, పసుపు నీళ్ళలో వెయ్యడం, చూడటం. కొద్ది రోజుల్లోనే తెరమీద అతని అడవితిండి విద్య కొలత నిండిపోయి బంగారు రంగుకు తిరిగింది. దాన్ని ఫొటో తీసి షాపులో అందరికీ చూపించుకుని మురిశాడు కూడా.

ఆదివారం కూడా మీనాకుమారి పనికి వెళ్ళింది. మర్నాడే ఆట విడుదల. ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బా ఖాళీచేసి చేతులు తుడుచుకుంటుంటే ఫోన్‌కు ఒక ఫొటో వచ్చింది. ఇంట్లో వాడే సత్తు గిన్నె, అందులో పసుపు నీళ్ళు, వాటిలో తెల్లగా తేలుతున్న ముక్కలు. కింద బుజ్జిబాబు రాశాడు: "అప్పా, ఈసారి నిజం అడివిలో ఏరినాను. పరీక్ష పాస్. కూర అదిరిపోనాది."

ఆమెకు మొదట నవ్వొచ్చింది. దాన్ని ఆదర్శ్‌కు చూపిద్దామని లేచింది కూడా. అంతలో తన తెరమీద అదే గిన్నె కనబడింది. ఆటలోని గిన్నె, తను వేసిన నలుపు, తను కలిపిన ఊదారంగు అంచు. ఆ నలుపు తను ఊహించుకుని వేసినది. అమ్మను అడిగితే చెప్పలేకపోయింది. ఎందుకు చెప్పలేకపోయింది? చూసి ఉంటే చెప్పేది.

అమ్మ ఆ నీళ్ళు నల్లబడగా ఎప్పుడూ చూడలేదు.

మీనాకుమారి వెంటనే తమ్ముడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగింది. మళ్ళీ చేసింది. తల్లికి చేస్తే స్విచ్ ఆఫ్. ఆదివారం భోజనం చేసి పడుకుంటారు, తెలుసు. తెలిసినా సరే, ఆ మోత ఆగిపోయిన ప్రతిసారీ ఇంట్లో ఇద్దరూ నేలమీద పడి ఉన్నట్టు కళ్ళకు కట్టింది.

"ఆదర్శ్, ఆ పసుపు పరీక్ష తీసెయ్. రేపు వదలొద్దు," అని మాత్రం చెప్పి మెట్లు దిగింది. అతను ఏదో అడుగుతున్నాడు. వినిపించుకోలేదు.

వాన చిన్నగా పడుతోంది. స్కూటీ మీద వెళుతుంటే చెంపల మీద జారేది వానో కన్నీళ్ళో ఆమెకే తెలియడం లేదు. ఖరిదా గేటు దగ్గరికి వచ్చేసరికి గేటు పడింది. గూడ్సు బండి. చిన్నప్పటి నుంచీ ఈ ఊళ్ళో గేటు దగ్గర నిలబడటం ఆమెకు కొత్తేమీ కాదు, బండి ఎంత పొడుగైనా ఏనాడూ విసుక్కోలేదు. రైల్వే తిండి తిని పెరిగినవాళ్ళు విసుక్కోకూడదని తవిటయ్య అనేవాడు. ఇవాళ మాత్రం ఆ వ్యాగన్లను ఒక్కొక్కదాన్నీ నోటికొచ్చినట్టు తిట్టింది. పక్కనున్న టోటో రిక్షావాడు "కీ హోలో దీదీ?", ఏమైందక్కా అని అడిగాడు. ఏమని చెప్పాలి? మా తమ్ముడికి నేను అబద్ధం నేర్పాను, వాడు దాన్ని వండుకుని తిన్నాడు అని చెప్పాలా?

క్వార్టరు తలుపు ఓరగా వేసి ఉంది. లోపల చాప మీద బుజ్జిబాబు బోర్లా పడుకుని ఉన్నాడు. మీనాకుమారి వాడి భుజం పట్టుకుని ఒక్క ఊపు ఊపింది.

"ఏటప్పా!" అని ఉలిక్కిపడి లేచాడు. కళ్ళు నులుముకుని ఇంత నోరు చేసుకుని నవ్వాడు. "ఫొటో సూసినావా? సలువా వేపు అడివి. అచ్చు నీ ఆట్లోలాగే, ఆకుల కింద."

"తిన్నారా?"

"తినక నీకోసం కూకుంటామేటి?" వంటింట్లోంచి అప్పలకొండ వచ్చింది. "నీకూ గిన్నెలో తీసి ఉంచినాను. ఇంత బేగి ఒచ్చీసినావేటి, ఒంట్లో బాగునేదా?"

ఇద్దరూ నిలబడి ఉన్నారు, మాట్లాడుతున్నారు. మీనాకుమారి గోడకు చేరగిలబడి ఊపిరి పీల్చుకుంది.

"అమ్మా, ఒక్క మాట సెప్పు. నీ జన్మలో ఎప్పుడైనా ఆ పసుపు నీల్లు నల్లబడ్డాయా?"

"ఎందుకు నల్లబడతాయే? మంచివే గదా తెస్తాను."

"ఎక్కణ్ణించి తెస్తావు?"

"బజార్లో ఛాతూ అనీసి పుట్టగొడుగులు అమ్మతాది గదా, ఆ ముసిల్ది. పెల్లయి ఈ ఊరొచ్చిన కాడ్నించీ దాని కాడే. మరొకల కాడ కొన్నానా నాను?"

అదీ సంగతి. మంచివి ఏరి తెచ్చేది ఆ బజారు మనిషి. మంచివే గిన్నెలో పడేవి, నీళ్ళు పచ్చగానే ఉండేవి, పేరు మాత్రం పసుపుకొచ్చేది. ఇన్నేళ్ళలో పసుపు చేసిన పని అంటూ ఏమీ లేదు. ఇవాళ మొదటిసారి ఆ మనిషి చెయ్యి లేకుండా అడవి నేరుగా గిన్నెలోకి వచ్చింది.

"మిగిల్నవి ఏవీ?"

కుళాయి కింద ప్లాస్టిక్ సంచిలో ఉన్నాయి. విరిగినవి, మట్టి పట్టినవి, కడగడం దండగ అని అప్పలకొండ వదిలేసినవి. మీనాకుమారి వాటిని వార్తాపత్రిక మీద గుమ్మరించి చూసింది. చూస్తే ఏం తెలుస్తుంది? ఈ విద్యకు లెక్కలు కట్టిన మనిషికి ఈ విద్యలో ఓనమాలు రావు. అన్నీ పుట్టగొడుగుల్లాగే ఉన్నాయి. ఒకటి మాత్రం పాలలా తెల్లగా, కాడకు ఉంగరం తొడిగినట్టు, అడుగున చిన్న సంచిలోంచి పొడుచుకొచ్చినట్టు ఉంది. చూడటానికి అన్నింట్లోకీ అదే ముచ్చటగా ఉంది.

మూడు గుమ్మాల అవతల దోర్కా ఆంటీ ఉంటుంది. కాలేజీలో బోటనీ చెబుతుంది. అప్పుడే చర్చి నుంచి వచ్చి గొడుగు దులుపుతోంది. మీనాకుమారి పత్రిక విప్పి ఆమె ముందు పెట్టింది. దోర్కా నవ్వుతూ వంగి, ఆ తెల్లదాన్ని చూసి నవ్వు ఆపేసింది.

"ఇలాటివి ఎన్ని తిన్నారు?"

"తెలీదాంటీ. తిన్నారో నేదో కూడా తెలీదు. మిగతావన్నీ కోసి వండీసినారు."

"కూరలో ఏదేటో నాను సెప్పనేను," అంది దోర్కా. "కానీ ఇది ఒక్కటి కడుపులోకెల్లినా మనిషి మిగలడు. బేగి ఆసుపత్రికి తీసుకెల్లు. ఆళ్ళు బాగున్నారనీసి ఊరుకోకు. ఇది తిన్నోలు మొదట బాగానే ఉంటారు."

ఆసుపత్రికి వెళ్ళడమంటే అప్పలకొండను కదిలించడం. ఆ మహాతల్లి కదిలే రకమా? తింటున్న వక్క ఉమ్మి, కొంగు దోపుకుని, దెబ్బలాటకు దిగింది. ఆదివారం పూట ఆరోగ్యంగా ఉన్న మనుషులు ఆసుపత్రికి పోతారా, నలుగురూ నవ్విపోరా అంది. నా చేతి వంట మీద నీకు ఇంత అనుమానమా అని ముక్కు చీదింది. చివరకు మీనాకుమారి నేల మీద కూలబడి వెక్కివెక్కి ఏడిస్తే, ఆ ఏడుపు చూడలేక బయల్దేరింది. బుజ్జిబాబు వెనకాలే నవ్వుకుంటూ వచ్చాడు.

రైల్వే ఆసుపత్రిలో కుర్ర డాక్టరు దోర్కా పంపిన ఫొటో చూసి ఇద్దరినీ వెంటనే చేర్చుకున్నాడు. నల్లని మందు తాగించారు, రక్తం తీశారు, సెలైన్లు ఎక్కించారు. వరండాలోకి పిలిచి మీనాకుమారికి బెంగాలీలో మెల్లగా చెప్పాడు. తిన్న కాసేపటికే వాంతులైతే అది చాలావరకు తేలికపాటి విషం. అసలు చెడ్డది తొందరపడదు, ఒక పూట గడిచేదాకా ఏమీ తెలియనివ్వదు. ఆ తరవాత వాంతులు, విరేచనాలు, అవి తగ్గి రోగి కోలుకున్నట్టు కనిపించడం, అప్పుడు లివర్ పోవడం. కనక ఇప్పుడు బాగున్నారంటే దానికి అర్థం ఏమీ లేదు.

ఆ మాటతో మీనాకుమారి సగం చచ్చింది. మంచిగా కనబడటానికి అర్థం లేదంటే మరి దేన్ని పట్టుకుని ధైర్యం తెచ్చుకోవాలి? తల్లి వార్డులో పక్క మంచం ఒడియా ఆవిడతో పిల్లల పెళ్ళిళ్ళ గురించి ముచ్చట్లాడుతుంటే దడ. తమ్ముడు ఆకలేస్తోందంటే దడ. వాడు ఒకసారి తేన్చితే, ఆమె పరుగెత్తి నర్సును పిలుచుకొచ్చింది. తండ్రి షాపులోనే గుండె ఆగి పోయాడు, ఎవరికీ ఏడవడానికి కూడా వ్యవధి ఇవ్వలేదు. అప్పుడు అదే పెద్ద కష్టమనుకుంది. ఇప్పుడు ఈ ఎదురుచూపు ముందు అదే నయమనిపించి, అలా అనుకున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. ఈ ఇద్దరూ పోతే తనకంటూ ఎవరూ లేరు. ఆ మాట మనసులోకి రానివ్వకూడదని ఎంత అదిమినా అదే వచ్చి కూర్చుంది.

ఆదర్శ్ ఫోన్ చేశాడు. పరీక్ష తీసేశానని, విడుదల ఆపేశానని చెప్పాడు. పెట్టేసే ముందు, "ఇంతకీ వాళ్ళకేం కాలేదుగా? ఊరికే కంగారుపడుతున్నావేమో," అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏముంది? ఆమె కూడా అదే అనుకోవాలని ప్రాణం పోయేలా ప్రయత్నిస్తోంది.

మర్నాడు రక్తం మళ్ళీ తీశారు. మళ్ళీ తీశారు. ప్రతిసారీ కాగితం వచ్చేదాకా మీనాకుమారి వరండా గోడకు నుదురు ఆనించి నిలబడేది. అన్నీ మామూలుగానే వచ్చాయి. చివరికి మూడోనాడు డాక్టరు ఇద్దరి వీపులూ తట్టి, కూరలో చెడ్డది పడలేదు, ఇళ్ళకు వెళ్ళండి అన్నాడు. మీనాకుమారి ఆయన చేతులు పట్టుకుని ఏడ్చేసింది. అప్పలకొండ మాత్రం వార్డంతా వినబడేలా కూతురికి పెట్టింది వాత.

"సూసినావా? సెప్పినానా నేదా? నా పసుపు ఎప్పుడైనా అబద్దమాడతాదా?"

రిక్షా దిగేసరికి వీధిలో నలుగురూ గుమిగూడారు. వాళ్ళందరికీ అప్పలకొండ కథ చెప్పింది. మొదటిసారి చెప్పినప్పుడు, విషపు పుట్టగొడుగు ఒకటి సంచిలో ఉండిపోయిందట, అంది. రెండోసారి, దాన్ని నేనే పక్కన పెట్టాను, అంది. మూడోసారి వచ్చిన ముత్తైదువకు చెప్పేటప్పటికి కథ పూర్తిగా పండింది.

"ఆ తెల్లదాన్ని నీల్లలో ఎయ్యగానే పసుపు నల్లగా తిరిగీసింది. టక్కున తీసి అవతల పారీసినాను."

మీనాకుమారి గడపలో నిలబడి విన్నది. అమ్మ అబద్ధమాడటం లేదు. ఆమె ముఖం చూస్తే తెలుస్తోంది, అలాగే జరిగిందని నిజంగా నమ్ముతోంది. ఆ తెల్లది గిన్నెలోకే వెళ్ళలేదు. కాడకు మట్టి పట్టి ఉంది కనక, కడిగే ఓపిక లేక వదిలేసింది. ఆ ఓపికే ఉండి ఉంటే?

బుజ్జిబాబు అప్పటికే ఫోన్‌లో షాపు స్నేహితులతో మాట్లాడుతున్నాడు. "అరే, ఏటీ అవనేదు! అమ్మ టెస్టు పక్కా. వచ్చే ఆదివారం మీరూ రండి, ఇంకా లోపలికెల్దాం. పెద్ద సంచి తెండి."

ఆ మాట విని మీనాకుమారికి ఆసుపత్రిలో కన్నా ఎక్కువ భయమేసింది. తన ఆట లెక్క ప్రకారమే అయితే జరిగింది ఏమిటి? ప్రయత్నించారు, బతికారు, ఇద్దరి విద్యా ఒక మెట్టు పైకెక్కింది. ఇంకా నయం, విడుదల చేసి ఉంటే ఇలాంటి ఆరితేరినవాళ్ళు ఊరూరా తయారయ్యేవారు. తప్పు చేసినవాడికి తప్పు కనబడకపోతే వాడు నేర్చుకునేది తప్పునే. వద్దని అరిస్తే వింటారా? చదువుకున్నదాని పిరికితనమని నవ్వుతారు. దోర్కా చెబితే? కాలేజీ ఆవిడ అలాగే అంటుంది అంటారు. వాళ్ళకు తగిలేది ఒక్కటే. నొప్పి పుట్టాలి, ప్రాణం పోకూడదు. తన నియమమే తన కొంపకు అవసరమొచ్చింది.

దోర్కా ఆ తెల్లదాన్ని డాక్టర్లు అడుగుతారేమోనని కాగితంలో చుట్టి, డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో దాచింది. మీనాకుమారి వెళ్ళి అడిగితే చాలాసేపు ఇవ్వలేదు. చివరికి, ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కోమని, పరీక్ష అయ్యాక అంతా తెచ్చి తనకే అప్పజెప్పమని ఒట్టు వేయించుకుని ఇచ్చింది.

ఇంట్లో ఏ గిన్నే ముట్టుకోకుండా మీనాకుమారి పారేసే ప్లాస్టిక్ గ్లాసు ఒకటి తెచ్చి గడప పక్కన పెట్టింది.

"అమ్మా, దీన్ని నీల్లలో ఏస్తే నల్లబడినాది అన్నావు గదా. నాను సూళ్ళేదు. ఒకసారి నాకు సూపించు."

అప్పలకొండ వెనకాడలేదు. పైగా ఉత్సాహంగా వచ్చి పీట వేసుకుంది. "రా, నీ కల్లతో సూడు. అప్పుడైనా నోరు మూస్తావు." నీళ్ళు తనే పోసింది. పసుపు తన డబ్బాలోదే తెచ్చి తనే కలిపింది. మీనాకుమారి చేతికి కవరు తొడుక్కుని ఆ తెల్లదాన్ని తుంచి అందులో వేసింది. బుజ్జిబాబు తలుపుకు ఆనుకుని ఫోన్‌లో వీడియో తీయడం మొదలుపెట్టాడు, స్నేహితులకు పంపించాలని.

ముగ్గురూ గ్లాసునే చూస్తున్నారు. వీధిలో ఎవరో పిల్లవాణ్ణి కేకలేస్తున్నారు. నీళ్ళు పచ్చగా ఉన్నాయి.

"కూసేపు ఉండాల," అంది అప్పలకొండ.

ఉన్నారు. పచ్చగానే ఉన్నాయి.

"పసుపు సాలనట్టుంది." ఇంకో చిటికెడు వేసింది. అది మెల్లగా కరిగి తెల్లని ముక్క చుట్టూ చేరింది. నీళ్ళు ఇంకా పచ్చబడ్డాయి. ఉప్పు వెయ్యలేదేమో అని లేచి ఉప్పు తెచ్చి వేసింది. గ్లాసును వెలుతురు వైపు జరిపి, తల వంచి అటునుంచి ఒకసారి, ఇటునుంచి ఒకసారి చూసింది. బుజ్జిబాబు ఎప్పుడు దింపాడో, ఫోన్ అతని తొడ పక్కన వేలాడుతోంది.

ఎక్కడో లోపల మీనాకుమారికి గెలిచానన్న పొగరు కొంచెం తలెత్తింది. తల్లి ముఖం చూశాక అది కాస్తా పోయింది. ఆమె ఎన్నడూ అంత చిన్నగా కనబడలేదు. తల్లి దగ్గర నేర్చుకున్నది, మొగుడికి పెట్టింది, పిల్లల్ని పెంచింది. దాన్ని కూతురు ఒక ప్లాస్టిక్ గ్లాసులో తీసి చూపించింది. చూపించక తప్పలేదు.

"ఇది నల్లబడాల," అంది అప్పలకొండ. ఎవరితోనూ కాదు.

"అది ఎప్పుడూ నల్లబడదమ్మా."

"మరి నాను సూసినాను గదే..." అని ఆగిపోయింది. తను చూసిందేమిటో వెతుక్కుంటున్నట్టు గ్లాసు వైపు చూసింది, కుళాయి వైపు చూసింది.

తమ్ముడి చేతిలో ఫోన్ మోగింది. షాపు స్నేహితుడు. బుజ్జిబాబు తీసి, "ఒద్దురా, ఆదివారం ఎల్లొద్దు. ఎవలూ ఎల్లొద్దు. తరవాత సెప్తాను," అని పెట్టేశాడు.

అప్పలకొండ లేచింది. సబ్బు పెట్టి మోచేతుల దాకా కడుక్కుంది, తుడుచుకుంది, మళ్ళీ కడుక్కుంది. వచ్చి కొడుకును మంచం మీద కూర్చోబెట్టి, చొక్కా పైకెత్తి, అరచెయ్యి పొట్ట మీద ఆనించింది. పసివాణ్ణి చూసినట్టు ఒక్కోచోటా నొక్కి చూసింది.

"నొప్పేటైనా ఉందేట్రా నాయనా? నిజం సెప్పు. ఎక్కడైనా నొప్పెడతందేటి?"

ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ ఆమె ఒక్కసారీ అడగని మాట అది.

"నేదమ్మా," అన్నాడు బుజ్జిబాబు. కానీ ఆ చేతిని తియ్యనివ్వలేదు.